2009 నాటి డెస్క్‌టాప్‌కి ఫైబర్ నెట్: ఏదైనా కొనేముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2009లో కొన్న సిస్టం: కోర్ 2 డ్యూయో ఈ7400, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. నాలుగైదేళ్ళుగా మూలన పడి ఉంది. ఇంటికి కొత్తగా ఫైబర్ వచ్చింది, రూటర్ హాల్లో, కంప్యూటర్ వెనకగదిలో. లాన్ కేబుల్ పెడితే "అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్" అంటోంది. ఫోన్ నుంచి యూఎస్‌బీతో నెట్ ఇస్తే కనెక్ట్ అయింది కానీ ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటోంది. షాపులో వైఫై డాంగిల్ (యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే వైఫై పరికరం) కొనమన్నారు, ఇంకొకరు కొత్త సిస్టమే కొనమన్నారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు, రెండూ కలిసిపోయి ఒకటే సమస్యలా కనిపిస్తున్నాయి. నెట్ రావడం వేరు, సైటు తెరుచుకోవడం వేరు. లాన్ పెట్టినప్పుడు నెట్టే రాలేదు. ఫోన్ పెట్టినప్పుడు నెట్ వచ్చింది, సైటు తెరుచుకోలేదు. డాంగిల్ కొంటే మొదటి సమస్య పక్కకు పోతుంది, రెండోది అలాగే ఉంటుంది. అప్పుడు డాంగిల్ పాడైందని దాన్ని తిరిగిస్తారు. పాత సిస్టమ్‌ల మీద డబ్బు ఎక్కువగా ఇలాగే వృథా అవుతుంది.

ముందు రెండో సమస్య చూద్దాం, అది తేలిక. స్క్రీన్‌లో కుడివైపు కింద తేదీ ఎంత చూపిస్తోందో చూడండి. 2009 జనవరి అనో, 2008 అనో ఉంటే కారణం దొరికినట్టే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది, పేరు సీఆర్2032, 3 వోల్టులు. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ఏళ్ళ తరబడి ప్లగ్గు పీకేసి ఉంచితే అది అయిపోతుంది, స్విచ్ వేసిన ప్రతిసారీ గడియారం బోర్డు తయారైన నాటి తేదీకి వెళ్ళిపోతుంది. ఇవాళ దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ అనే భద్రమైన పద్ధతి మీదే నడుస్తుంది, సైటు అసలైనదేనని చూపడానికి దానికి సర్టిఫికెట్ అనే డిజిటల్ పత్రం ఉంటుంది. ప్రతి సైటు సర్టిఫికెట్‌కీ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని గడువు ఉంటుంది. మీ సిస్టం ఇంకా 2009లోనే ఉందనుకుంటే ఆ సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే అన్ని సైట్లూ ఒకేసారి మొరాయిస్తాయి. ఒకటో రెండో సైట్లు మాత్రమే అలా చేస్తే కారణం వేరు, అది కింద చెబుతాను.

తేదీని చేత్తోనే సరిచేయండి. సంవత్సరం, నెల, రోజు, గంట అన్నీ చూసి, టైమ్ జోన్ ప్లస్ 5:30 చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్నది ఎంచుకోండి. "ఇంటర్నెట్ టైమ్" ట్యాబ్‌లో అప్‌డేట్ నొక్కితే సరిపోతుంది కదా అనుకోకండి, తేదీ ఏళ్ళ తరబడి తప్పుగా ఉంటే విండోస్ ఆ సవరణకు ఒప్పుకోదు. ముందు చేత్తో దగ్గరికి తెచ్చాకే అది పని చేస్తుంది. తర్వాత సెల్లు మార్చండి, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వండి. సెల్లు పక్కనున్న చిన్న కొక్కేన్ని వేలిగోరుతో వెనక్కి నెడితే సెల్లు పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు పైకి ఉండాలి. ఆన్ చేశాక డిలీట్ కీ నొక్కి, ఇంటెల్ సొంత బోర్డు అయితే ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్‌ల స్క్రీన్) వెళ్ళి తేదీ పెట్టి సేవ్ చేయండి. అక్కడ ఇంకొకటి కూడా చూసుకోండి: "ఆన్‌బోర్డ్ లాన్" ఎనేబుల్డ్ అని ఉండాలి. హెచ్61 లాంటి తర్వాతి కాలం బోర్డులున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. సెల్లు తీస్తే శాటా మోడ్ (బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోవచ్చు, అప్పుడు విండోస్ బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. హార్డ్ డిస్క్ పోయిందని కంగారు పడక మోడ్ మళ్ళీ పాతదే పెట్టండి. మీ జీ31లో సాధారణంగా ఉండేది ఐసీహెచ్7 చిప్పు, దానికి ఏహెచ్‌సీఐ మోడే లేదు కాబట్టి మీకు ఆ గొడవ రాదు.

తేదీ సరిగ్గా ఉన్నా కొన్ని సైట్లు తెరుచుకోకపోతే అది మూల సర్టిఫికెట్ల సమస్య. ఏ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌ని నమ్మాలో సిస్టం లోపల ఒక జాబితా ఉంటుంది. అప్‌డేట్లు లేని విండోస్ 7లో ఆ జాబితా పాతబడిపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సైట్లు లెక్కలేనన్ని. వాటికి ఆధారమైన పాత మూల సర్టిఫికెట్ 30 సెప్టెంబరు 2021న గడువు తీరింది, కొత్త మూలం మీ విండోస్‌కి తెలియకపోవచ్చు. దీనికి దగ్గరి దారి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసుకోవడం. అది విండోస్ జాబితా మీద ఆధారపడదు, తన జాబితా తనే వెంట తెచ్చుకుంటుంది. విండోస్ 7కి సరిపోయేది 115 ఈఎస్ఆర్ అనే వెర్షన్ ఒక్కటే, అందులోనూ 115.13 కంటే పాతది వద్దు. ఫైర్‌ఫాక్స్ లోపలి మూల సర్టిఫికెట్ ఒకటి 14 మార్చి 2025న గడువు తీరడంతో అంతకు ముందరి వాటిలో యాడాన్‌లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పని చేయడం ఆగిపోతుంది. క్రోమ్ అయితే విండోస్ 7కి 109తోనే ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని పూర్తిగా మరిచిపోండి. కొత్త బ్రౌజర్ ఇన్‌స్టాలర్‌ని దాంతోనే దించుకోవాలని కుస్తీ పట్టకుండా ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఇన్‌స్టాలర్‌లో చిన్నదీ పెద్దదీ ఉంటాయి, చిన్నది నెట్ నుంచి మిగతా భాగం లాగుతుంది. మీకు కావలసింది పూర్తి ఫైలు.

ఇక లాన్. "అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్" అన్న మాట కనిపించిందంటే మీకు సగం శుభవార్తే. డ్రైవరు ఉంది, లాన్ పోర్టు బతికే ఉంది, కేబుల్‌లో అటూఇటూ సంకేతం నడుస్తోంది. లేనిది సరైన అడ్రసు ఒక్కటే. వెనక పోర్టు దగ్గర చిన్న లైటు వెలుగుతూ, పక్కది మిణుకుమిణుకుమంటూ ఉంటే ఆ మాట రూఢి చేసుకున్నట్టే. లైటే వెలగకపోతే మాత్రం ఈ అడ్రసు సంగతి వదిలేసి కింద కేబుల్ గురించి రాసింది చదవండి.

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇవ్వండి. ఐపీవీ4 అడ్రస్ ఎదుట ఉన్న అంకెలే ఇక్కడ సాక్ష్యం. 169.254తో మొదలైతే, అడ్రసు ఇవ్వమని మీ సిస్టం అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు, దాంతో తనకు తనే ఒకటి పెట్టేసుకుంది. అలా కాక 192.168.1.2 లాంటి అంకె ఉండి, గేట్‌వే, అంటే రూటర్ అడ్రసు, 192.168.1.1 అని ఉండి, అయినా నెట్ రాకపోతే పాత రోజుల సెట్టింగ్ మిగిలిపోయిందని అనుమానించాలి. టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కాలంలో మోడెమ్ పెట్టడానికి వచ్చినవాళ్ళు కంప్యూటర్‌లో అడ్రసు చేత్తో రాసిపెట్టి పోయేవారు. ఇప్పటి రూటర్ నంబరు అదే కానక్కర్లేదు. ఉదాహరణకు జియోఫైబర్ రూటర్ 192.168.29.1 మీద ఉంటుంది. వీధి పేరు మారిపోయిన ఇంటికి పాత చిరునామాతో ఉత్తరం రాసినట్టు ఉంటుంది పరిస్థితి.

సరిచేయడానికి రన్ బాక్స్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) ఇవ్వండి, లోకల్ ఏరియా కనెక్షన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద డబుల్ క్లిక్. లోపల అడ్రసుకీ, సైటు పేరుని అంకెల అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌కీ రెండింటికీ "ఆటోమేటిగ్గా" అన్నదే ఎంచుకోండి. చాలామంది పైదాన్ని మార్చి కిందది వదిలేస్తారు, అప్పుడు అడ్రసు వస్తుంది, సైటు పేర్లు మాత్రం పలకవు. ఇదే పనిలో ఇంటర్నెట్ ఆప్షన్స్‌కి వెళ్ళి కనెక్షన్స్ ట్యాబ్‌లో "నెవర్ డయల్ ఎ కనెక్షన్" పెట్టండి, లాన్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (నెట్‌కి మధ్యవర్తిగా ఉండే సర్వర్) టిక్కు ఉంటే తీసేయండి. పాత డయలర్, పాత ఆఫీసు ప్రాక్సీ ఏళ్ళ తర్వాత కూడా దారికి అడ్డం పడతాయి. గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే అదీ పూర్తిగా తీసేసి రీస్టార్ట్ చేయండి. లైసెన్సు అయిపోయినా దాని ఫైర్‌వాల్ డ్రైవరు నెట్‌వర్క్‌కి అతుక్కునే ఉంటుంది, కొన్ని పూర్తిగా అడ్డుకుంటాయి కూడా.

ఆటోమేటిక్ పెట్టినా 169.254యే వస్తుంటే తప్పు అవతల వైపు ఉంది. ఫైబర్ వాళ్ళు పెట్టిన డబ్బాని ఓఎన్‌టీ అంటారు. దాని మీద పాన్ (PON) లైటు నిలకడగా పచ్చగా ఉండాలి. లాస్ (LOS) అన్న లైటు ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్ తెగిందో, ఎక్కడో గట్టిగా మడతపడిందో, అది మీ సిస్టం తప్పు కాదు. పాన్ బాగానే ఉంటే లాన్ కేబుల్‌ని డబ్బా వెనకున్న వేరే పోర్టులోకి మార్చి చూడండి. కొన్ని కనెక్షన్లలో ఒక పోర్టుని నెట్‌కి, ఇంకొకదాన్ని టీవీ బాక్సుకి కేటాయిస్తారు. టీవీ పోర్టులో పెడితే లైటు వెలుగుతుంది, అడ్రసు రాదు. అది కూడా కాకపోతే డబ్బా బ్రిడ్జ్ మోడ్‌లో ఉండొచ్చు, అంటే లాగిన్ చేసే పని డబ్బా కాకుండా కంప్యూటరే చేయాలి. అలాంటప్పుడు నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో కొత్త కనెక్షన్, బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ ఎంచుకుని ఆపరేటరు ఇచ్చిన యూజర్ పేరూ పాస్‌వర్డూ ఇవ్వాలి. ఇంట్లో ఫోన్లు అదే డబ్బా వైఫై మీద పని చేస్తున్నాయంటే మాత్రం అది రూటర్ మోడ్‌లోనే ఉందన్నమాట, ఈ లాగిన్ గొడవ మీకు అక్కర్లేదు. అపార్టుమెంటుల్లో మేడ మీద స్విచ్ పెట్టి ఇంటింటికీ లాన్ కేబుల్ లాగే స్థానిక ఆపరేటర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. వాళ్ళలో కొందరు మొదట తగిలించిన పరికరం మ్యాక్ అడ్రసుని (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) తమ సర్వర్‌లో రాసుకుంటారు. పరికరం మారితే ఫోన్ చేసి ఆ బైండింగ్ తీసేయమనాలి, అప్పటిదాకా ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అడ్రసు రాదు.

అడ్రసు సరిగ్గా వచ్చాక అదే నల్ల విండోలో మూడు పింగ్‌లు (ping అని కొట్టి పక్కన అడ్రసు) వరసగా ఇవ్వండి. మొదట గేట్‌వే నంబరుకి, తర్వాత 8.8.8.8కి, చివరికి గూగుల్ డాట్ కామ్‌కి. మొదటిది జవాబివ్వకపోతే ఇంట్లోనే లోపం. మొదటిది ఇచ్చి రెండోది ఇవ్వకపోతే కనెక్షన్ వాళ్ళది. రెండూ ఇచ్చి మూడోది ఒక్కటే ఇవ్వకపోతే డీఎన్ఎస్, దానికి 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ చేత్తో పెట్టుకోవచ్చు. ఈ మూడు వాక్యాలూ ఒక కాగితం మీద రాసుకుని పెట్టుకుంటే కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు గంట మిగులుతుంది.

కేబుల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హాల్లోంచి వెనకగదికి వైఫై కంటే కేబులే మంచిదని నేను గట్టిగా అనుకుంటాను. 2009 నాటి బోర్డుకి లాన్ పోర్టు పుట్టుకతో ఉంది, వైఫై తర్వాత తగిలించుకున్నది. క్యాట్5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా వెళుతుంది, మీ ఇంటికి 15–20 మీటర్లు దాటదు. కొలిచినదానికి రెండు మీటర్లు కలిపి కొనండి. కొనేటప్పుడు లోపల తీగ రాగిదేనా అని అడగండి. చవకగా అమ్మేవాటిలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. తీగ కొసని బ్లేడుతో గీకితే వెండిలా మెరుస్తుంది, రెండుమూడుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. అది మొదట్లో బాగానే నడిచి, జాక్ దగ్గర కదిలీ కదిలీ కొన్నాళ్ళకు ఉండీ లేనట్టు చేస్తుంది. అలాంటి లోపం పట్టుకోవడం అన్నింటికంటే కష్టం.

గోడకు రంధ్రం చిన్నదిగా వేసి, కేబుల్ దూర్చాక జాక్ కొట్టించడం నయం. ముందే జాక్ ఉన్న కేబుల్ అయితే దానికి పెద్ద రంధ్రం కావాలి. కొట్టే వరస రెండు చివరలా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం జత మధ్యలో పడి ఆకుపచ్చ జత రెండుగా విడిపోవడం పొరపాటు కాదు, అలాగే ఉండాలి. జంటలు జంటలుగా పక్కపక్కన కొట్టేస్తే టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, నెట్ మాత్రం తెగుతూ ఉంటుంది. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 తీగలే పని చేస్తాయి, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. అందుకే మిగతా నాలుగింటిలో ఒక తీగ తెగినా నెట్ ఆగకుండా వేగం 100కి పడిపోతుంది. మీ బోర్డులో 100 ఎంబీపీఎస్ పోర్టే ఉంటే 200 ప్లాన్ మీద కూడా స్పీడ్ టెస్ట్‌లో 94 దాటదు, దానికి ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు. కరెంటు వైరింగ్ ఉన్న పైపులోనే లాన్ కేబుల్ దూర్చకండి. మేడ మీదుగా, బయటి గోడ వెంట లాగాల్సి వస్తే పీవీసీ పైపులో వేయండి, లేకపోతే మన ఎండలకు పైతొడుగు పెళుసెక్కి పగులుతుంది.

గాలివానల రోజుల్లో సిస్టం ఆపడమే కాదు, లాన్ జాక్ కూడా పీకేయండి. పిడుగు దూరంగా పడినా బయట పొడుగ్గా పాకిన రాగి కేబుల్ మీదుగా పోర్టు కాలిపోతుంది. ఫైబర్ గాజుది కాబట్టి దాని గుండా రాదు, ఓఎన్‌టీ అడాప్టరు గుండా, మేడ మీది కేబుల్ గుండా వస్తుంది. పోర్టు కాలిపోయిన బోర్డుని మార్చాల్సిన పని లేదు. రియల్‌టెక్ చిప్పు ఉన్న పీసీఐ లాన్ కార్డు గానీ, యూఎస్‌బీ లాన్ అడాప్టరు గానీ పెడితే సరి. యూఎస్‌బీ 2.0 పోర్టుకి గిగాబిట్ అడాప్టరు కొన్నా పూర్తి వేగం రాదు, కాబట్టి 100 ఎంబీపీఎస్‌ది చాలు.

డ్రైవరు ఊసు ఇప్పుడు మీకు అక్కర్లేకపోయినా విండోస్ మళ్ళీ ఎక్కిస్తే తగులుతుంది. డివైస్ మేనేజర్‌లో "ఈథర్నెట్ కంట్రోలర్" పక్కన పసుపు గుర్తు ఉంటే దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వెన్ (VEN) తర్వాత 10ఈసీ ఉంటే రియల్‌టెక్, డెవ్ (DEV) తర్వాత 8168 ఉంటే గిగాబిట్ చిప్పు, 8136 ఉంటే 100 ఎంబీపీఎస్‌ది. వెన్ తర్వాత 8086 ఉంటే ఇంటెల్. ఆ అంకెతో తయారీదారు సైటులోనే డ్రైవరు వెతకండి, ఫోన్‌లో దించి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. "మీ డ్రైవర్లన్నీ ఉచితంగా అప్‌డేట్ చేస్తాం" అనే ప్రకటనల జోలికి పోవద్దు, పాత సిస్టమ్‌లో చెత్త చేరేది ఎక్కువగా ఆ దారినే.

కేబుల్ లాగడం కుదరనే కుదరదంటే అప్పుడు వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ చాలు, కొనేముందు పెట్టె మీద విండోస్ 7 పేరుందా చూడండి. సీడీలో ఇచ్చే డ్రైవరు మీద ఆధారపడకండి, సీడీ డ్రైవ్ పని చేయడమే అనుమానం. డాంగిల్‌ని క్యాబినెట్ వెనక గుచ్చితే ఇనప డబ్బాకీ గోడకీ మధ్య చిక్కుకుని సిగ్నల్ సగం అక్కడే పోతుంది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వేసి బల్ల మీదికి తీసుకురండి, ఆ ఒక్క మార్పుతో తేడా కనిపిస్తుంది. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే 2.4కి వేరే పేరు పెట్టించండి. భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని ఉంటే పాత డాంగిల్ కనెక్ట్ కాదు, డబ్ల్యూపీఏ2 ఉండాలి. చానల్ 1, 6, 11లో ఒకటి పెట్టండి. కొన్ని పాత డాంగిల్‌లకి 12, 13 కనబడవు.

డాంగిల్ కంటే నాకు నచ్చే దారి ఇంకొకటి ఉంది. క్లయింట్ మోడ్ ఉన్న చిన్న రూటర్, ఉదాహరణకు టీపీ-లింక్ డబ్ల్యూఆర్802ఎన్ లాంటిది, కంప్యూటర్ పక్కన పెట్టండి. హాల్లోని వైఫైని అది అందుకుని లాన్ తీగ మీద సిస్టమ్‌కి ఇస్తుంది. కంప్యూటర్‌కి అది మామూలు లాన్ కేబుల్‌లాగే కనబడుతుంది. సిస్టమ్‌కి వైఫై డ్రైవరు అక్కర్లేదు, దాని వైపు డబ్ల్యూపీఏ గొడవ లేదు, ఏ విండోస్ అయినా పరవాలేదు. ఇంట్లో పాత రూటర్ మూలన పడి ఉంటే దాని మెనూలో క్లయింట్ అనో విస్ప్ అనో ఉందేమో చూడండి, ఖర్చే ఉండదు.

ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ మీకు ఇప్పటికే పని చేసింది, దాన్ని తాత్కాలిక సాధనంగా ఉంచుకోండి. పని చేయనివాళ్ళకు ఒక చిట్కా. ముందు కేబుల్ డేటా నడిచేదేనా చూడాలి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్ చాలా ఉన్నాయి. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆర్ఎన్‌డీఐఎస్ అని పసుపు గుర్తుతో కనిపిస్తే అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లోని జాబితా నుంచి ఎంచుకుంటానని చెప్పి, నెట్‌వర్క్ అడాప్టర్స్, మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్, రిమోట్ ఎన్‌డీఐఎస్ బేస్డ్ ఇంటర్నెట్ షేరింగ్ డివైస్ ఎంచుకోండి. ఆ డ్రైవరు విండోస్ 7 లోపలే ఉంది, నెట్ అక్కర్లేదు.

ఇంతా చేశాక వచ్చే అసలు ప్రశ్న: నెట్ వచ్చిన విండోస్ 7ని వాడొచ్చా? మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు 14 జనవరి 2020న ఆపేసింది. పాటలు వినడానికి, పాత ఫైళ్ళు తీసుకోవడానికి సరే. బ్యాంకు, ఆధార్, పాస్‌వర్డులు దాని మీద వద్దు, ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. విండోస్ 10 ఈ సిస్టం మీద ఎక్కుతుంది, కానీ దానికీ మామూలు మద్దతు 14 అక్టోబరు 2025న ముగిసింది. రూఫస్ (పెన్‌డ్రైవ్‌ని బూట్ అయ్యేలా తయారుచేసే ప్రోగ్రామ్)తో విండోస్ 11 ఎక్కించే వీడియోలు మీకు పనికిరావు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ప్రాసెసర్‌లో ఉండి తీరాలి, ఈ7400లో అవి లేవు, బూటే కాదు.

మీ సిస్టమ్‌కి తగినది లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. మింట్ విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం, ఎక్స్‌ఎఫ్‌సీఈ దాని తేలికపాటి రూపం. ఈ7400 64 బిట్ ప్రాసెసరే కాబట్టి ఇబ్బంది లేదు. మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే సుఖం. జీ31 బోర్డు 4 జీబీ దాకా తీసుకుంటుంది, రెండు 2 జీబీ డీడీఆర్2 కార్డులు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి, డీడీఆర్3 ఆ స్లాట్‌లో పట్టదు. డబ్బు పెట్టాలనుకుంటే ర్యామ్‌కీ, 120 లేదా 256 జీబీ శాటా ఎస్ఎస్‌డీకీ పెట్టండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టినప్పటి తేడా మరే మార్పుతోనూ రాదు.

8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మరో కంప్యూటర్‌లో రూఫస్‌తో మింట్ ఎక్కించండి, పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్ పెట్టండి. జీపీటీ పెడితే పాత బయాస్‌లో ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కాలి: గిగాబైట్ బోర్డుకి ఎఫ్12, ఆసుస్‌కి ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11, ఇంటెల్‌కి ఎఫ్10. మెనూలో యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదనుంచే అది నడుస్తుంది, మీ విండోస్‌ని ముట్టుకోదు. ఇది మంచి పరీక్ష కూడా. మింట్‌లో అదే కేబుల్‌తో నెట్ వెంటనే వచ్చేస్తే బోర్డు, కేబుల్, రూటర్ అన్నీ బాగున్నాయి, తప్పు విండోస్ సెట్టింగులదే. మింట్‌లోనూ రాకపోతే విండోస్‌తో పెనుగులాడి లాభం లేదు, కేబుల్, పోర్టు, ఆపరేటరు వైపు చూడాలి. ఒకటి గుర్తుంచుకోండి, తేదీ తప్పుగా ఉంటే మింట్‌లో కూడా సైట్లు మొదట మొరాయించవచ్చు.

మింట్‌లో తెలుగు చదవడానికి, రాయడానికి ఇబ్బంది ఉండదు. లోహిత్, పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. రాయడానికి ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనం వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు రెండూ వస్తాయి. యూట్యూబ్‌లో బొమ్మ ఆగిఆగి వస్తే నెట్ నెమ్మదని అనుకోకండి. యూట్యూబ్ పంపే వీపీ9 అనే రకం వీడియోని విప్పడం ఈ ప్రాసెసర్‌కి భారం. దాని బదులు హెచ్264 రకం వీడియో తెప్పించే హెచ్264ఇఫై అనే యాడాన్ వేసి, 480పీలో చూడండి.

చివరగా ఎక్స్‌పీ సిస్టమ్‌లు ఉన్నవాళ్ళకు. తెలుగు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఎక్స్‌పీని ఇంకా కాపాడుకుంటున్నవాళ్ళు ఉన్నారు, ఆ అవసరం నిజమైనదే. దానికి 8 ఏప్రిల్ 2014న మద్దతు పోయింది, క్రోమ్ 49తో, ఫైర్‌ఫాక్స్ 52తో ఆగిపోయాయి. ఆ సిస్టమ్‌కి నెట్ పెట్టకండి. లాన్ జాక్ పీకేసి, మెయిల్ కోసం పక్కన మింట్ ఉన్న ఇంకో పాత సిస్టం పెట్టుకుని, ఫైళ్ళను పెన్‌డ్రైవ్ మీద అటూఇటూ తిప్పండి. ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్ నడవకుండా ఆపి ఉంచండి, ఆ సిస్టమ్‌లోకి వైరస్ వచ్చే దారుల్లో ముఖ్యమైనది అదే. ఏళ్ళనాటి పేజ్‌మేకర్ ఫైళ్ళన్నిటికీ ఇంకో డిస్క్ మీద ఒక కాపీ తీసి పెట్టుకోండి, ఆ హార్డ్ డిస్క్‌కి కూడా పదిహేనేళ్ళు దాటి ఉంటాయి.